సీరియల్ నవలను ఒక్కో భాగంగా చదవడం ఎలా: మొదటి భాగం నుంచి ‘సమాప్తం’ దాకా

సీరియల్ నవల చదవాలని ఉంది, కానీ నాలుగైదు భాగాలయ్యేసరికి పట్టు జారిపోతోంది. ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండటం లేదు. మధ్యలో రెండు వారాలు తప్పితే మళ్లీ మొదలుపెట్టబుద్ధి కావడం లేదు. చదివేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు చాలావరకు ఇవే. కొందరిది సరిగ్గా దీనికి ఎదురు ఇబ్బంది. ఆగలేక ముందుకు చదివేస్తారు, ఆ తర్వాత వారం వారం చదవడమంటేనే విసుగు పుడుతుంది.

రెండింటికీ మూలం ఒకటే. మన శ్రద్ధంతా భాగం చదివే అరగంట మీదే పెడతాం. ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉండే రోజులను పట్టించుకోం. సీరియల్ నవల మనసులో నిలబడేదీ, జారిపోయేదీ ఆ రోజుల్లోనే. అందుకే ఇక్కడ చదవడానికి ముందూ తర్వాతా చేయాల్సిన పనుల గురించే ఎక్కువ చెబుతున్నాను.

## 1. ముందు అది ఏ రకం సీరియలో చూసుకోండి

మొదటి రకం, ఇప్పుడు నడుస్తున్న సీరియల్. రచయిత రాస్తూ ఉంటారు, మనం చదువుతూ ఉంటాం. వేగం మన చేతిలో ఉండదు. ఎప్పుడు ముగుస్తుందో కూడా తెలియదు.

రెండో రకం, ఒకప్పుడు సీరియల్‌గా వచ్చి ఇప్పుడు పుస్తకంగా దొరుకుతున్న నవల. కథంతా చేతిలోనే ఉంటుంది. ఆగాలా వద్దా అన్నది మన నిగ్రహం మీద ఆధారపడి ఉంటుంది.

మూడో రకం, మొదటి నుంచీ పుస్తకంగానే వచ్చిన నవలను మనమే ముక్కలు చేసుకుని చదవడం. ఇందులో ఎక్కడ ఆపాలో నిర్ణయించే పని కూడా మనదే.

ఇంతకుముందు ఒక్క సీరియలూ పూర్తి చేయనివాళ్లు రెండో రకంతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. రచయిత మధ్యలో ఆపేస్తారన్న టెన్షన్ ఉండదు. విరామాలు కథకు తగ్గట్టుగా ముందే ఉంటాయి. ఒకటి రెండు వారాలు ఆలస్యమైనా నష్టం లేదు.

## 2. మొదటి భాగం తెరవకముందు

ఈ సన్నాహానికి ఒక గంట కేటాయించండి. దీన్ని దాటేసినవాళ్లే తర్వాత ఎక్కువ తంటాలు పడతారు.

అన్ని భాగాలూ దొరుకుతాయో లేదో చూడండి. నడుస్తున్న సీరియల్ అయితే ఇప్పటిదాకా వచ్చినవన్నీ వరుసగా ఉన్నాయా? మధ్యలో ఏదైనా భాగం లేదా? పదమూడో భాగం కనబడటం లేదన్న సంగతి పన్నెండో భాగం చివర్లో తెలిస్తే చాలా బాధగా ఉంటుంది.

ఒకే చోటు పెట్టుకోండి. కొన్ని భాగాలు ఫోన్‌లో, కొన్ని కాగితం మీద, కొన్ని ఎవరో పంపిన ఫైల్‌లో ఉంటే వెతుక్కోవడంతోనే సరిపోతుంది. ఫైళ్లయితే పేరు ముందు అంకె వేయండి. 1, 2 అని కాకుండా 01, 02 అని వేస్తే పదో భాగం వచ్చినప్పుడు వరుస చెదరదు.

ఏ రోజు, ఏ వేళ చదవాలో నిర్ణయించుకోండి. ‘వారానికి ఒకసారి’ అనుకుంటే సరిపోదు, ‘గురువారం రాత్రి భోజనం తర్వాత’ అనుకోవాలి. నడుస్తున్న సీరియల్ అయినా సరే, భాగం విడుదలైన నిమిషంలోనే చదవాలని లేదు. శుక్రవారం వచ్చేదాన్ని ప్రతి ఆదివారం చదవొచ్చు. ఎప్పుడు వస్తుందన్నది రచయిత లెక్క, ఎప్పుడు చదవాలన్నది మీ లెక్క.

నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. చిన్నది చాలు, కానీ తెరిస్తే రెండు పేజీలు పక్కపక్కన కనబడాలి. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

మొదలుపెట్టే ముందు ఒకసారి టిక్ పెట్టుకోండి:

☐ భాగాలన్నీ వరుసగా ఉన్నాయి, ఏదీ తప్పిపోలేదు
☐ అన్నీ ఒకే చోట ఉన్నాయి
☐ చదివే రోజు, వేళ ఖాయమయ్యాయి
☐ వెనక అట్ట మీది కథాసారాంశం, ముందుమాట చదవలేదు
☐ నోట్‌బుక్, పెన్ను పుస్తకం పక్కనే ఉన్నాయి

నాలుగో అంశం గురించి ఒక మాట. పాత నవలల ముందుమాటల్లో కథ ముగింపు దాకా చర్చించడం మామూలే. వాటిని చివరికి వదిలేయండి.

## 3. పూర్తయిన నవలను ఎక్కడ ఆపాలి

సీరియల్‌గా వచ్చిన నవలైతే ముందు పాత విరామాల కోసం వెతకండి. రచయిత ఆ విరామాన్ని మనసులో పెట్టుకునే ఆ భాగం ముగించి ఉంటారు. దాన్ని దాటి చదివితే ఆయన కట్టిన ముడి మనకు కనబడదు.

ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ 1860 డిసెంబరు 1 నుంచి 1861 ఆగస్టు 3 వరకు 36 వారాలు వచ్చింది. వారానికి ఒకటి రెండు అధ్యాయాలే కాబట్టి కొత్తవాళ్లకు తేలిక. ఆయనదే ‘బ్లీక్ హౌస్’ 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు వరకు 19 నెలవారీ సంచికలుగా వచ్చింది, చివరిది రెండు భాగాలు కలిపిన సంచిక. జార్జ్ ఎలియట్ ‘మిడిల్‌మార్చ్’ 1871 డిసెంబరు నుంచి 1872 డిసెంబరు దాకా 8 పెద్ద భాగాలుగా వచ్చింది. దీనిలో ఒక్కో భాగం ఒక చిన్న నవలంత ఉంటుంది, ఒక్క రాత్రిలో ముగించాలని చూడకండి. వివరణలతో వచ్చే ఎడిషన్లు చాలావాటిలో ఏ అధ్యాయం ఏ సంచికలో వచ్చిందో పట్టిక ఉంటుంది. మొదట ఆ పేజీ చూడండి.

నెలకోసారి వచ్చినదాన్ని నెలకోసారే చదవాలా? అక్కర్లేదు. విరామం ఉన్న చోటు మార్చకండి, విరామం నిడివి మాత్రం మీ ఇష్టం. నెలవారీ భాగాన్ని వారానికొకటి చొప్పున చదివినా కథ తీరు చెడదు. రోజుకొకటి చదివితే మాత్రం చెడుతుంది, ఎందుకంటే ఆలోచించుకునే వ్యవధి మిగలదు.

ఉత్తరాలు, డైరీల రూపంలో ఉన్న నవలలకు ఇంకో పద్ధతి ఉంది. ‘డ్రాక్యులా’ సీరియల్‌గా రాసింది కాదు. కానీ కథ మే 3న మొదలై, తేదీ వేసిన చివరి డైరీ పేజీ నవంబరు 6న వస్తుంది. ఆ తేదీల ప్రకారమే చదివేవాళ్లు ఉన్నారు. అయితే పుస్తకంలో తేదీలు అక్కడక్కడా ముందువెనకలుగా ఉంటాయి కాబట్టి, తేదీల వరుసలో చదివితే కొన్ని సంగతులు రచయిత అనుకున్నదానికంటే ముందే తెలుస్తాయి. మొదటిసారి చదివేటప్పుడు పుస్తకం వరుసే మేలని నేనంటాను.

మామూలు నవలను మీరే విడగొట్టుకుంటుంటే ఈ క్రమం పాటించండి.

మొదట విషయసూచిక ఒక్కటే చూడండి. అధ్యాయాలు ఎన్ని, ఒక్కోటి ఎన్ని పేజీలు అన్నది రాసుకోండి. తర్వాత మీరు తీరిగ్గా చదివితే అరగంట నుంచి ముప్పావుగంటలో అయ్యేన్ని అధ్యాయాలను ఒక భాగంగా కలపండి. పేజీల లెక్క కోసం అధ్యాయాన్ని మధ్యలో నరకకండి. అధ్యాయం మరీ పెద్దదైతే, లోపల ఖాళీ వరుసో చుక్కలో ఉన్న చోట ఆపండి.

ఆ పట్టికంతా చదవడం మొదలుపెట్టక ముందే పూర్తి చేసి, పుస్తకంలో ఆపాల్సిన ప్రతి చోటా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టండి. ఈ-పుస్తకమైతే బుక్‌మార్క్. ఎక్కడ ఆపాలో అప్పటికప్పుడు నిర్ణయించుకుందామనుకుంటే, సస్పెన్స్‌లో ఉన్న మనిషి తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ‘ఇంకొక్క అధ్యాయం’ అనే ఉంటుంది.

## 4. ఒక భాగం చదివే క్రమం

వరుస ముఖ్యం. అటూ ఇటూ మార్చకండి.

మొదట, ఏమీ తెరవకుండా గుర్తుచేసుకోండి. రెండు నిమిషాలు చాలు. కిందటి భాగం ఎక్కడ ఆగింది? ఎవరు ఎక్కడున్నారు? ఎవరికి ఏ సంగతి తెలుసు, ఎవరికి తెలియదు? సీరియల్ కథల్లో ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. పాఠకుడికి తెలిసి పాత్రకు తెలియని సంగతి మీదే సగం ఉత్కంఠ నడుస్తుంది.

తర్వాత నోట్‌బుక్ చూడండి. గుర్తొచ్చింది సరైనదేనా, ఏం మరిచిపోయారు అన్నది సరిచూసుకోండి.

ఆ తర్వాత కిందటి భాగం చివరి పేజీ చదవండి. మొత్తం కాదు, చివరి పేజీ మాత్రమే. రచయిత గొంతు మళ్లీ చెవిన పడుతుంది.

‘జరిగిన కథ’ ఉంటే అది చివరన. చాలామంది ముందు దాన్నే చదివేస్తారు. అది చదివాక మన జ్ఞాపకానికి పని ఉండదు. పైగా ఆ సారాంశం కథలోని సంఘటనలనే చెబుతుంది, ఎవరు ఏ మాటను ఎలా అన్నారో చెప్పదు. మీ జ్ఞాపకంలో తేడా ఉందేమో చూసుకోవడానికి మాత్రమే దాన్ని వాడండి.

ఇప్పుడు భాగాన్ని ఒకే బిగిన చదవండి. మధ్యలో లేవకుండా, ఫోన్ పక్క గదిలో పెట్టి. ఫోన్‌లోనే చదువుతుంటే నోటిఫికేషన్లు ఆపేయండి. అర్థం కాని పదం వస్తే గీత పెట్టుకుని ముందుకు సాగండి.

ఆగండి. ‘సశేషం’ దగ్గర పుస్తకం మూసేయండి. తర్వాతి భాగం మొదటి వాక్యం కూడా చూడకండి. కంటికి ఆ ఒక్క వాక్యం తగిలితే చాలు, వారం రోజులు ఊహించాల్సింది పోతుంది.

వెంటనే రాయండి. ఐదు నిమిషాల పని. ‘రేపు రాద్దాం’ అనుకున్నది రాయరు.

ఆడియో సీరియల్ వింటున్నవాళ్లకూ ఇదే వరుస. ఒక్క మార్పు: కిందటి భాగం చివరి పేజీకి బదులు చివరి రెండు మూడు నిమిషాలు వినండి. పేర్లు ఎలా రాయాలో తెలియకపోతే వినబడినట్టే రాసుకోండి.

## 5. నోట్‌బుక్ రెండు పేజీలు

డికెన్స్ నెలనెలా రాసిన నవలల్లో చాలావాటికి ఆయన పని కాగితాలు మిగిలాయి. ప్రతి సంచికకూ ఒక కాగితం తీసుకుని, ఎడమ సగంలో తనకొచ్చిన ఆలోచనలు, తనకు తానే వేసుకున్న ప్రశ్నలు రాసుకునేవాడు. ఫలానా పాత్రను ఈ నెల తీసుకురావాలా? పక్కనే అవుననో, కాదనో, ఇప్పుడే వద్దనో జవాబు. కుడి సగంలో ఆ సంచికలోని అధ్యాయాలు, వాటిలో జరిగేది. నెలల తరబడి సాగే కథను చేజారకుండా పట్టుకోవడానికి రాసేవాడికి పనికొచ్చిన ఈ ఏర్పాటు, చదివేవాడికీ అంతే బాగా పనికొస్తుంది. నేను చూసిన పద్ధతుల్లో దీనంత తేలికైనది ఇంకోటి లేదు.

మీరు చేయాల్సింది ఇది. ప్రతి భాగానికీ తెరిచిన రెండు పేజీలు. కుడి పేజీలో జరిగింది, ఎడమ పేజీలో జవాబు దొరకని ప్రశ్నలు.

కుడి పేజీలో మూడు నాలుగు వాక్యాలు మించకూడదు. చివరి వాక్యం ఎప్పుడూ ‘ఆగిన చోటు’ అయి ఉండాలి. ఎడమ పేజీలో ప్రతి ప్రశ్న పక్కన అది ఏ భాగంలో పుట్టిందో అంకె వేయండి. జవాబు దొరికిన రోజున కొట్టేసి, దొరికిన భాగం అంకె రాయండి.

ఒక ఊహాకథకు నమూనా చూడండి.

*ఎడమ పేజీ, భాగం 9*
– పెట్టె తాళం ఎవరి దగ్గరుంది? (4)
– పెద్దాయన వెళ్లిపోయిన రాత్రి వాన పడిందని వంటమనిషి అంది, పడలేదని కొడుకు అన్నాడు. ఎవరిది అబద్ధం? (7)
– చెల్లెలు ఇంత త్వరగా పెళ్లికి ఎందుకు ఒప్పుకుంది? (9)

*కుడి పేజీ, భాగం 9*
– ప్లీడరు ఉత్తరం చదివి టేబుల్ సొరుగులో పెట్టాడు, ఎవరికీ చెప్పలేదు.
– చెల్లెలు పెళ్లికి సరేనంది. కారణం చెప్పలేదు.
– ఆగిన చోటు: రాత్రి, ఇంట్లో ఆమె ఒక్కతే, వెనక తలుపు చప్పుడు.

మీ అభిప్రాయాలు, ‘బాగుంది’, ‘బాగాలేదు’ వంటి మాటలు ఇక్కడ రాయకండి. ఆరు నెలల తర్వాత వాటివల్ల ఏమీ గుర్తు రాదు. ‘వెనక తలుపు చప్పుడు’ అన్న మాట చూస్తే మొత్తం దృశ్యం గుర్తొస్తుంది.

నోట్‌బుక్ చివరి పేజీలు పాత్రలకు ఉంచండి. పేరు, మొదట కనబడిన భాగం, ఒక గుర్తు. ‘బంధువు’ అని రాస్తే లాభం లేదు, ‘కుంటుతూ నడుస్తాడు, డబ్బు అప్పిచ్చాడు’ అని రాయండి. చిన్న పాత్రలను వదలొద్దు. రెండో భాగంలో తలుపు తీసిన నౌకరు ఇరవయ్యో భాగంలో సాక్షిగా రావడం సీరియల్ నవలల్లో చాలా మామూలు విషయం.

కథలో కాలం ముందుకూ వెనక్కూ పోతుంటే ఒక పేజీలో నిలువు గీత గీసి, ఏ సంఘటన ఎప్పుడు జరిగిందో దాని మీద గుర్తు పెట్టుకోండి. మామూలుగా సాగే కథలకు ఇది అవసరం లేదు.

## 6. మధ్యలో ఉన్న రోజులు

మరుపు గురించి జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, మనం మరిచిపోయేది ఎక్కువగా మొదటి గంటల్లోనూ మొదటి రోజులోనూ. ఆ తర్వాత మరుపు వేగం తగ్గుతుంది. ఆయన పరీక్షించింది అర్థంలేని అక్షరాలను, కథ అంత త్వరగా చెరిగిపోదు. కానీ మనకు అందే సూచన ఒకటే: సాయం కావాల్సింది ఆరో రోజున కాదు, మర్నాడు.

ఎలాంటి సాయం? 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత చిన్న చిన్న గద్యభాగాలు చదివించారు. కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత చూస్తే గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. మనకు కావాల్సింది సరిగ్గా ఆ వారం లెక్కే. కాబట్టి భాగాన్ని మళ్లీ మళ్లీ చదవకండి, గుర్తుచేసుకోండి.

వారపు సీరియల్‌కు నేను సూచించే ఏర్పాటు ఇది.

మర్నాడు. నడుస్తున్నప్పుడో, గిన్నెలు కడుగుతున్నప్పుడో నిన్నటి భాగాన్ని మొదటి దృశ్యం నుంచి చివరిదాకా మనసులో చెప్పుకోండి. ఎవరికైనా చెప్పగలిగితే ఇంకా మంచిది. ఎక్కడైనా తడబడితే ఆ చోటు మాత్రమే తీసి చూడండి.

వారం మధ్యలో ఒకసారి. ఎడమ పేజీ తెరిచి, ఒక్క ప్రశ్న తీసుకుని ఊహ రాయండి. ‘తాళం వంటమనిషి దగ్గర ఉంది’ అని రాస్తే సగమే. ‘నాలుగో భాగంలో ఆమె పెట్టె వైపు చూసి మాట మార్చింది కాబట్టి’ అని ఆధారం కూడా రాయాలి. ఊహ నిజమైందా లేదా అన్నది పెద్ద విషయం కాదు. ఆధారం కోసం వెనక్కి వెళ్లినప్పుడు మీరు గమనించని వాక్యాలు కనబడతాయి. భాగాల వారీగా చదవడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. ఒకే రాత్రి నవలంతా చదివేసేవాళ్లకు ఈ అవకాశం రాదు.

చదివే రోజున. నాలుగో మెట్టులో చెప్పిన రెండు నిమిషాల జ్ఞాపకం.

రోజూ వచ్చే సీరియల్‌కు మర్నాటి పని ఒక్కటే చాలు. నెలకోసారి చదివేదైతే మధ్యలో చేసే పనిని రెండుసార్లు చేయండి.

ఈ రోజుల్లో వేరే పుస్తకాలు చదవొచ్చా? తప్పకుండా చదవొచ్చు. కానీ రెండు సీరియళ్లను ఒకేసారి పట్టుకోవద్దు, కనీసం మొదటి ఏడాది. తప్పదనుకుంటే కాలమూ వాతావరణమూ పూర్తిగా వేరుగా ఉన్నవి ఎంచుకోండి. రెండూ ఉమ్మడి కుటుంబాల కథలైతే మేనత్తలు కలిసిపోతారు.

## 7. చిక్కులు, వాటికి దారులు

మూడు నాలుగు భాగాలు పేరుకుపోయాయి. అన్నీ ఒకే రాత్రి చదివేయకండి. రోజు విడిచి రోజు ఒక్కోటి చదివి, ప్రతిదానికీ కుడి పేజీ రాయండి. వారంలో దారిలో పడతారు. పదికి పైగా పేరుకుపోతే అందుకోవాలన్న ఆలోచనే మానేసి, మీ వేగంతో వెనకే నడవండి. సీరియల్‌కు రెండు నెలలు వెనకబడి చదవడంలో తప్పేమీ లేదు.

ఆగలేక తర్వాతి భాగం చదివేశాను. దానికి కూడా నోట్స్ రాయండి. వచ్చే వారం కొత్త భాగం తెరవకుండా, అదే వేళకు కూర్చుని, తొందరలో చదివేసిన భాగాన్ని నెమ్మదిగా మళ్లీ చదవండి. తొందరలో కళ్లు సంభాషణల మీదే పరిగెడతాయి, వర్ణనల్లో దాచిన సంగతులు జారిపోయి ఉంటాయి.

ఎవరెవరో గుర్తుండటం లేదు. పాత్రల పేజీ చూసినా అర్థం కాకపోతే, ఆ పాత్ర మొదట కనబడిన దృశ్యం ఒక్కటి మళ్లీ చదవండి. ఇంటర్నెట్‌లో పాత్ర పేరు వెతకొద్దు. వెతుకుతుండగానే ఆ పాత్ర చావు గురించి మొదటి వరుసలో కనబడుతుంది.

కథ కదలడం లేదు. ఒక్క భాగం చూసి తీర్పు చెప్పకండి. సీరియల్‌లో అన్ని భాగాలూ ఒకే బిగితో ఉండవు. కొన్ని పాత్రలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడానికే ఉంటాయి. ఎడమ పేజీ చూడండి. వరుసగా నాలుగు భాగాల్లో ఒక్క పాత ప్రశ్నా కదలకపోతే, కొత్త ప్రశ్న ఒక్కటీ పుట్టకపోతే, ఆ నవలను పక్కన పెట్టేయండి. బాధపడాల్సిన పని లేదు.

ముగింపు ఎవరో చెప్పేశారు. చదవడం ఆపకండి, పద్ధతి మార్చండి. ఏం జరుగుతుందని కాక, ఆ ముగింపుకు రచయిత దారి ఎలా వేస్తున్నారని ఎడమ పేజీలో ప్రశ్నలు వేసుకోండి.

పేరో వయసో మారిపోయింది. రాస్తూ ప్రచురించే సీరియళ్లలో ఇలాంటివి దొర్లుతాయి. అది పొరపాటా, కావాలని వేసిన ఆధారమా అన్న అనుమానం ఉంటే ఎడమ పేజీలో రాసుకుని, కొత్తగా చెప్పినదాన్నే ప్రస్తుతానికి నిజమనుకోండి.

సీరియల్ ఆగిపోయింది. ఇది జరుగుతుంది. డికెన్స్ చివరి నవల ‘ద మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్’ 12 భాగాలు అనుకున్నది, ఆయన 1870 జూన్‌లో చనిపోవడంతో 6 భాగాల దగ్గర ఆగింది. నడుస్తున్నది ఆగితే నోట్‌బుక్ పారేయకండి. చివరి భాగం తేదీ రాసి దాచండి. మళ్లీ మొదలైతే కుడి పేజీలన్నీ వరుసగా చదివి, ఆఖరి రెండు భాగాలు మాత్రం పూర్తిగా చదివి కొత్తదానిలోకి వెళ్లండి. మొదటి నుంచి చదవాల్సిన పని తప్పుతుంది.

## 8. కలిసి చదువుతుంటే

ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే మానేసే అవకాశం బాగా తగ్గుతుంది. నియమాలు ముందే అనుకోండి.

☐ అందరిలో నెమ్మదిగా చదివేవాళ్ల వేగమే అందరి వేగం
☐ అందరూ చదివాకే ఆ భాగం గురించి మాట్లాడాలి
☐ మాటలు ఎడమ పేజీ ప్రశ్నలతో మొదలవ్వాలి
☐ ముందే చదివినవాళ్లుంటే ఊహలకు అవుననీ కాదనీ అనకూడదు, నవ్వకూడదు, ‘చూస్తూ ఉండండి’ అని కూడా అనకూడదు

నాలుగోది పాటించడం కష్టం. పాటించలేనని ముందే తెలిసినవాళ్లు ఆ నవలకు శ్రోతలుగా ఉండటమే మంచిది.

## 9. చివరి భాగం

ముగింపు దగ్గరపడేకొద్దీ చివరి రెండు మూడు భాగాలు కలిపి చదివేయాలనిపిస్తుంది. ఇన్ని వారాలు కాపాడుకున్నది అక్కడ వదులుకోకండి. చివరి భాగానికి ముందు వారం మిగతా వారాలకంటే ఎక్కువ పని ఉన్న వారం.

ఆ వారంలో ఒక రోజు కుడి పేజీలన్నీ మొదటి నుంచి చదవండి. ఇంకో రోజు మొదటి భాగాన్ని పూర్తిగా మళ్లీ చదవండి. అప్పుడు మామూలుగా కనబడిన మాటలు ఇప్పుడు వేరేగా కనబడతాయి. తర్వాత ఎడమ పేజీల్లో కొట్టేయకుండా మిగిలిన ప్రశ్నలను ఒక కాగితం మీదికి ఎక్కించండి. చివరి భాగం చదివాక ఆ కాగితం తీసి, దేనికి జవాబు వచ్చింది, దేన్ని రచయిత కావాలని వదిలేశారు, దేన్ని మరిచిపోయారు అన్నది గుర్తుపెట్టండి. నవల మీద మీ అభిప్రాయం రాయాలనుకుంటే ఇప్పుడు రాయండి, ఆ కాగితమే మీకు ఆధారం.

అదే నవల పుస్తకంగానూ ఉంటే రెండూ ఒకటేనని అనుకోకండి. థామస్ హార్డీ ‘టెస్’ 1891లో ‘ద గ్రాఫిక్’ వారపత్రికలో వచ్చినప్పుడు కొన్ని ముఖ్యమైన ఘట్టాలను తీసేసి, కొన్నిటిని మార్చి ఇవ్వాల్సి వచ్చింది. పుస్తకంలో వాటిని చాలావరకు తిరిగి చేర్చాడు. అందుకే ఎవరితోనైనా చర్చించే ముందు మీరు చదివింది ఏ రూపమో చెప్పండి. పుస్తకరూపం చదవాలనుకుంటే కొన్ని నెలలు ఆగి, ఈసారి విరామాలు లేకుండా, నోట్‌బుక్ తెరవకుండా చదవండి.

తర్వాతి సీరియల్‌ను మాత్రం ఎక్కువ రోజులు వాయిదా వేయకండి. అదే రోజు, అదే వేళ దానికి కేటాయించండి. ఆ వేళ నెల రోజులు ఖాళీగా ఉంటే వేరే పని వచ్చి అందులో కూర్చుంటుంది, దాన్ని కదపడం కష్టం.